పాత అచ్చు పేరు చెప్పి కొత్త పతకాన్ని పాతదనకండి

సంపాదకులకు నమస్కారం.

మూడు వారాల కిందటి ఆదివారం అనుబంధంలో చారిత్రక స్మారక పతకాల గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. అసలు అచ్చులతో, అంటే పతకం మీద బొమ్మ పడేలా మొదట చెక్కిన ఉక్కు దిమ్మెలతో, కొట్టారు కనుక అవన్నీ అసలు పతకాలేనని అందులో తేల్చేశారు. సవరణ మీరే వేస్తారని ఇన్నాళ్లూ ఆగాను. వేయలేదు కనుక రాయక తప్పడం లేదు.

మీరు బొమ్మ వేసిన పతకాన్నే తీసుకుందాం. 1776 మార్చిలో బ్రిటిష్ సైన్యం బోస్టన్ విడిచిపోయినందుకు అమెరికా సేనాని జార్జి వాషింగ్టన్‌కు బంగారు పతకం ఇవ్వాలని అమెరికా కాంగ్రెస్ ఆ నెల 25న తీర్మానించింది. దాని అచ్చులు చెక్కినవాడు ఫ్రెంచి కళాకారుడు డువివియే. పారిస్ టంకశాలలో పతకం తయారయ్యేసరికి పదమూడేళ్లు దాటిపోయాయి. కాంగ్రెస్ ఇచ్చిన ఆ బంగారు పతకం ఇప్పుడు బోస్టన్ పబ్లిక్ లైబ్రరీ సొత్తు. ఆ తర్వాత పారిస్‌లో అదే పతకాన్ని దశాబ్దాల తరబడి మళ్లీ మళ్లీ కొట్టి అమ్మారు. అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాల కూడా 19వ శతాబ్దంలో నకలు అచ్చులు చేయించుకుని తానూ కొట్టింది. ఇన్ని తరాల పతకాలను ఒక్క మాటతో ఒకే గాట కట్టేయడం ఎలా సబబు?

అసలు అచ్చు అన్న మాట వినడానికి ఎంత గట్టిగా ఉన్నా, ఆచరణలో అంత గట్టిది కాదు. అచ్చులో బొమ్మ లోపలికి ఉంటుంది. దాన్ని మెత్తబరిచిన ఉక్కు దిమ్మెలోకి బలంగా నొక్కితే బొమ్మ ఉబ్బెత్తుగా వస్తుంది. ఆ దిమ్మెను గట్టిపరిచి, దానితో ఎన్ని కొత్త అచ్చులైనా దింపుకోవచ్చు. అసలు అచ్చు పగిలిపోయినా, దొరక్కపోయినా పతకం మీదనుంచే మూస తీసి పోత పోస్తారు. పోత లోహం చల్లారేటప్పుడు కాస్త ముడుచుకుంటుంది కనుక, ఆ దారిన వచ్చిన పతకం అసలుదానికంటే వెంట్రుకవాసి చిన్నదవుతుంది, అక్షరాల అంచులు మొద్దుబారతాయి. వాటిని పదును చేయడానికి చెక్కేవాడు మళ్లీ ఉలి పట్టగానే జుట్టు పాయలో, గుర్రం జూలులో అతని చెయ్యి కనిపిస్తుంది. అసలు అచ్చే మిగిలి, తుప్పు పట్టి ఉంటే, ఆ తుప్పు గుంటలు పతకం మీద సన్నని పొక్కుల్లా లేస్తాయి. అచ్చు చీలితే ఆ చీలిక ఉబ్బెత్తు గీతగా పడుతుంది. భూతద్దం పట్టుకున్న ఎవరికైనా కనిపించే విషయాలివి. వ్యాసం రాసినవారు ఒక్క పతకాన్నయినా చేతిలోకి తీసుకుని చూశారా అన్నదే నా సందేహం.

ఈ విషయంలో పారిస్ టంకశాలను మెచ్చుకోవాలి. 1832 నుంచి పతకం అంచు మీద గుర్తు వేయడం మొదలుపెట్టింది. మొదట దీపం, 1841లో లంగరు, 1842లో ఓడ ముక్కు, 1845 నుంచి చూపుడువేలు చాచిన చెయ్యి, 1860 నుంచి తేనెటీగ, 1880 నుంచి పళ్లూ పూలూ నిండిన కొమ్ము. అంచు చూస్తే ఏ కాలంలో కొట్టారో తెలిసిపోతుంది. అచ్చు అసలుదా నకలుదా అన్నది మాత్రం ఆ గుర్తు చెప్పదు, అది వేరే పరిశీలించుకోవాలి. ఫిలడెల్ఫియాలో ఇలాంటి పద్ధతి లేకపోవడమే కాదు, 1850ల చివర టంకశాల డైరెక్టరుగా ఉన్న స్నోడెన్, తమ ప్రదర్శనశాలకు వాషింగ్టన్ పతకాలు సేకరించడం కోసం, అరుదైన వాటిని మళ్లీ కొట్టించి సేకర్తలతో మార్పిడి చేసుకున్నాడు. కాపలా ఉండాల్సిన ప్రభుత్వ అధికారే ఆ పని చేస్తే, కొనేవాడు ఎవరిని నమ్మాలి?

ఈ బాధ నాకు స్వయంగా తెలుసు. కొన్నేళ్ల కిందట ఇదే పతకాన్ని 1790 నాటిదని రాసిచ్చిన కాగితంతో సహా ఒక వ్యాపారి నాకు అమ్మారు. ఇంటికి తెచ్చి అంచు తిప్పి చూద్దును కదా, చిన్న తేనెటీగ, దాని పక్కనే రాగి అని ఫ్రెంచిలో అక్షరాలు! వాషింగ్టన్ పోయి అరవై ఏళ్లు దాటాక కొట్టిన పతకమది. నిలదీస్తే, అచ్చు అసలుదే కదండీ అన్నారు. సరిగ్గా మీ వ్యాసంలోని మాటే.

మళ్లీ కొట్టినవి పనికిరావని నేను అనడం లేదు. నా తేనెటీగ పతకం నాకు ఎంతో ఇష్టం, ఈనాటికీ దాచుకున్నాను. కాని కొట్టిన కాలం ఉన్నదున్నట్టు చెప్పాలి. ప్రదర్శనశాలల చీటీల మీద పతకంపై ఉన్న సంవత్సరమే తయారీ సంవత్సరంగా రాసేస్తుంటారు. సంఘటన ఎప్పుడు జరిగింది, అచ్చు ఎప్పుడు చెక్కారు, ఆ ముక్కను ఎప్పుడు కొట్టారు అన్నవి మూడు వేర్వేరు సంగతులని బాధ్యత గలవారికి కూడా పట్టదు. చెప్పబోతే విసుక్కుంటారు. పత్రికలు వాళ్లను సరిదిద్దాల్సింది పోయి అదే తప్పును అచ్చువేస్తే మాలాంటివాళ్లు ఎవరితో మొరపెట్టుకోవాలి?

దయచేసి వచ్చే ఆదివారం అదే పుటలో సవరణ వేయండి. వీలైతే మీరు బొమ్మ వేసిన పతకం అంచును కూడా ఫొటో తీయించి ప్రచురించండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు