ఛారిటీ షాపుల్లో అమ్ముతున్న కొత్త సరుకు గురించి బ్రిటన్ ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం,

నేను ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగు మనిషిని. మా ఊరి హై స్ట్రీట్‌లో, అంటే మెయిన్ బజారులో, ఒక ఛారిటీ షాపులో వాలంటీర్‌గా చేస్తున్నాను. జనం దానం ఇచ్చిన వాడిన వస్తువులు అమ్మి ఆ డబ్బు సేవా సంస్థకి (ఛారిటీకి) ఇచ్చే షాపు ఇది. బట్టలు సర్దడం, స్టీమ్ చేయడం, ట్యాగులు కొట్టడం, టిల్ (బిల్లు కౌంటర్) దగ్గర నిలబడడం అన్నీ చేస్తా. దీని ఇంగ్లీషు కాపీ మా ఎంపీ ఆఫీసు ద్వారా మీకు పంపిస్తున్నా. తెలుగులో కూడా ఎందుకు పెడుతున్నానంటే ఇక్కడ కాపురం పెట్టిన మనవాళ్ళలో చాలామందికి ఈ షాపులతో సంబంధం ఉంది. సెప్టెంబర్‌లో సూట్‌కేసులతో దిగిన స్టూడెంట్స్ మొదటి చలికోటు, గిన్నెలు, దుప్పట్లు కొనుక్కునేది ఇక్కడే, ఇండియాకి వెళ్ళిపోయే ఫ్యామిలీలు పిల్లల బొమ్మలు, పుస్తకాలు సంచుల్లో పెట్టి ఇచ్చేసి వెళ్ళేదీ ఇక్కడే. కాబట్టి ఇది వాళ్ళకీ తెలియాల్సిన విషయమే.

ఇప్పుడు చాలా ఛారిటీ షాపుల్లో గుమ్మం దగ్గర, టిల్ పక్కన, అంటే కంటికి ముందు ఆనే చోటల్లా కొత్త సరుకు ఉంటోంది. గ్రీటింగ్ కార్డులు, క్యాండిల్స్, సాక్సులు, మగ్గులు, పిల్లల బొమ్మలు. ఇవి ఎవరో దానం ఇచ్చినవి కాదు, ఛారిటీ హోల్‌సేల్‌లో కొని తెచ్చి అమ్ముతున్నవి. అమ్మొద్దని నేను అనట్లేదు. కానీ కొనేవాళ్ళలో చాలామందికి ఈ తేడా తెలియదు. మొన్నో పెద్దావిడ ఒక క్యాండిల్ తీసుకుని, మంచి పనికే కదా ఉంచేయమ్మా అని చిల్లర కూడా డబ్బాలో వేసి వెళ్ళిపోయారు, నాకు మాత్రం మనసులో చాలా ఇబ్బందిగా అనిపించింది.

ఎందుకో లెక్క చెప్తా. దానంగా వచ్చిన జాకెట్ ఒకటి 6 పౌండ్లకి అమ్ముడైంది అనుకోండి, దాని మీద మీకు కట్టే వ్యాట్ సున్నా. దానం ఇచ్చినాయన గిఫ్ట్ ఎయిడ్ (దాత కట్టిన పన్నులో కొంత ప్రభుత్వం ఛారిటీకి ఇచ్చే పథకం) ఫారం నింపి ఉంటే ఆ 6 పౌండ్ల మీద ఇంకో ఒకటిన్నర పౌండ్ మీ ఖజానా నుంచే ఛారిటీకి వస్తుంది. షాపు ఖర్చులు పోగా మిగిలిందంతా ఛారిటీదే. అదే 6 పౌండ్ల కొత్త క్యాండిల్ అయితే అందులో 1 పౌండ్ వ్యాట్ కింద మీకే వస్తుంది, మిగిలిన 5 లోంచి హోల్‌సేలర్‌కి పోవాల్సింది పోతుంది, గిఫ్ట్ ఎయిడ్ ఉండదు. చివరికి ఛారిటీకి చేరేది ఎంతో షాపులో నిలబడ్డ మాకే తెలియదు, ఇంక కొనేవాళ్ళకేం తెలుస్తుంది. రెండింటి మీదా అదే ఛారిటీ పేరు, అదే బోర్డు, అదే సంచి.

ఇక్కడ చట్టంలో నాకు అర్థం కాని ఒక విషయం ఉంది మంత్రి గారూ. ఏదైనా ప్రైవేట్ కంపెనీ ఇది కొంటే కొంత ఫలానా ఛారిటీకి ఇస్తాం అని చెప్పి సరుకు అమ్మితే, 1992 ఛారిటీల చట్టం ప్రకారం ఎంత ఇస్తుందో చెప్పి తీరాలి. కానీ ఛారిటీ తన సొంత ట్రేడింగ్ కంపెనీ (వ్యాపారం కోసం విడిగా పెట్టే కంపెనీ) పెట్టుకుని అదే సరుకు అమ్మితే ఆ రూల్ వర్తించదు. ఆ కంపెనీ లాభాలు ఛారిటీకే వెళ్తాయి కాబట్టి మినహాయింపు ఇచ్చారు, అది ఒప్పుకుంటా, కానీ లాభం ఎంతో తెలుసుకోవాలని కొనేవాళ్ళకి ఉండదా?

ఇక బిజినెస్ రేట్ల సంగతి, అంటే షాపులు, ఆఫీసుల మీద వేసే ఆస్తి పన్ను. 1988 స్థానిక ప్రభుత్వ ఆర్థిక చట్టం ప్రకారం, పూర్తిగా గానీ ప్రధానంగా గానీ దానం వచ్చిన వస్తువులు అమ్మి ఆ డబ్బు ఛారిటీకి వాడే షాపుకి రేట్లలో 80 శాతం మాఫీ. మిగిలిన 20 కూడా కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) తలుచుకుంటే తీసేయొచ్చు. మంచి చట్టం. కానీ "ప్రధానంగా" అంటే ఎంత? అరల్లో చోటు చూడాలా, వస్తువుల సంఖ్య చూడాలా, వచ్చిన డబ్బు చూడాలా? చట్టంలో అంకె లేదు. 1 పౌండ్ పుస్తకాలు వంద అమ్మి, పక్కన 20 పౌండ్ల కొత్త గిఫ్ట్ సెట్లు పది అమ్మితే సంఖ్యలో దానం సరుకు గెలుస్తుంది, డబ్బులో కొత్తది గెలుస్తుంది.

హై స్ట్రీట్‌లో పక్క షాపుల వాళ్ళకి దీని మీద పాత కోపం ఉంది. వాడిన బట్టలు, పుస్తకాల విషయంలో ఆ కోపం న్యాయం కాదనే అంటాను, ఎందుకంటే ఆ సరుకు వాళ్ళు అమ్మేది కాదు, మేము తీసుకోకపోతే చాలావరకు చెత్తలోకి పోయేది. కానీ కార్డుల షాపు పక్కనే మేము కొత్త కార్డులు అమ్ముతుంటే ఆ షాపాయన అడిగేదానికి నా దగ్గర జవాబు లేదు. రేటబుల్ వాల్యూ (రేట్లు లెక్కగట్టడానికి షాపుకి వేసే విలువ) 12,000 పౌండ్ల లోపు ఉన్న చిన్న షాపుకి మీరు రేట్ల మాఫీ ఇస్తున్నారు, 15,000 దాటితే అది కూడా లేదు, ఆయన అద్దె, జీతాలు, రేట్లు అన్నీ ఆ కార్డుల మీదే రాబట్టుకోవాలి.

అలాగని ఛారిటీలని తప్పు పట్టడం నాకు ఇష్టం లేదు. మంచి బట్టలు ఇప్పుడు జనం వింటెడ్ అనే ఆన్‌లైన్ యాప్‌లో అమ్ముకుంటున్నారు, మాకు వచ్చే సంచుల్లో ఒకట్రెండు ఉతుకులకే సాగిపోయిన చవక బట్టలు ఎక్కువైపోయాయి, అమ్మలేనివి ర్యాగ్ వాళ్ళకి (పాత గుడ్డలు కొనేవాళ్ళకి) కిలోల లెక్కన పోతున్నాయి. ఇంకోవైపు 2025 ఏప్రిల్ నుంచి ఉద్యోగుల జీతాల మీద యజమానులు కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రత పన్ను) 15 శాతం చేసింది, అది మొదలయ్యే జీతం పరిమితి 9,100 నుంచి 5,000 పౌండ్లకి దించింది మీ ట్రెజరీనే (ఆర్థిక శాఖే). షాపు మేనేజర్లకి జీతం ఇచ్చే ప్రతి ఛారిటీ మీదా ఆ భారం పడింది, కొత్త సరుకు వైపు వాళ్ళు వెళ్ళడంలో మీ నిర్ణయాల పాత్ర కూడా ఉంది. పైగా కొత్త సరుకంతా ఒకటి కాదు. ఆక్స్‌ఫామ్ అనే ఛారిటీ 1960లలోనే పేద దేశాల చేతివృత్తుల వాళ్ళ వస్తువులు కొని అమ్మింది, అక్కడ అమ్మకమే సాయం. కంపెనీలు మిగిలిన స్టాకు ఉచితంగా ఇచ్చేవి కూడా ఉంటాయి, ట్యాగ్ తీయని కొత్తవైనా అవి దానమే.

నేను అడిగేది పెద్ద ఖర్చయ్యే పని కాదు. కొని తెచ్చి అమ్ముతున్న సరుకు ఉన్న అర మీద ఆ ముక్క స్పష్టంగా రాయాలని, ధరలో ఛారిటీకి సుమారుగా ఎంత చేరుతుందో కూడా అక్కడే చెప్పాలని రూల్ పెట్టండి. కష్టం అని ఎవరైనా అంటే నమ్మకండి, ఒకదానికి వ్యాట్ ఉంది ఇంకోదానికి లేదు కాబట్టి అకౌంట్లలో ఈ రెండూ ఇప్పటికే విడివిడిగా ఉండి తీరాలి. ఆ లెక్క అర మీదకి రావడమే మిగిలింది. రేట్ల మాఫీకి "ప్రధానంగా" అనే దాన్ని అమ్మకాల డబ్బులో కొలవాలని, దానికో అంకె ఉండాలని స్థానిక ప్రభుత్వ మంత్రితో కూర్చుని తేల్చండి. ఊరికొకటి ఉండే చిన్న హాస్పీస్ (చివరి దశ రోగుల్ని చూసుకునే సంస్థ) షాపుల్లాంటి వాటికి సర్దుకోవడానికి ఒకట్రెండేళ్ళు టైమ్ ఇవ్వండి, ఒక్కసారిగా మాఫీ పీకేస్తే అవి మూతబడతాయి.

వచ్చే బడ్జెట్ లోపు దీని మీద ఒక కన్సల్టేషన్ (ప్రజాభిప్రాయ సేకరణ) పెట్టిస్తారా లేదా, ఆ ఒక్క ప్రశ్నకి మా ఎంపీ ఆఫీసుకి జవాబు పంపించండి.

ఇట్లు,
మీ దేశంలో ఒక ఛారిటీ షాపు వాలంటీర్