రిఫండ్ వచ్చినప్పుడు ఎలా వచ్చిందని అడగలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

గత వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన రాసింది చదివాను. జీతం తప్ప వేరే ఆదాయం లేనివాళ్లు ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేయించుకోవడానికి ఏజెంట్లకు డబ్బులు పోయడం దండగ, ఫోన్ వాడటం వచ్చిన ఎవరైనా పావుగంటలో వేసుకోవచ్చు అన్నారు. అందులో సగం నిజం. మిగతా సగం నాకు 39 వేల పైన వదిలితే గానీ తెలియలేదు, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే నేను చేసిన తప్పులున్న భాగం మాత్రం ఉంచండి.

నేను ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. మాకు ట్యాక్స్ గోల ఫిబ్రవరిలోనే మొదలవుతుంది. ఎవరో ఒక మాస్టారు తయారుచేసిన ఎక్సెల్ షీట్ వాట్సాప్‌లో తిరుగుతూ వస్తుంది, అందులో జీతం, డీఏ, హెచ్‌ఆర్‌ఏ, జీపీఎఫ్, నెలకు 200 చొప్పున కోసే వృత్తి పన్ను 2,400 అన్నీ నింపి, ప్రింట్ తీసి, సంతకం పెట్టి ఫిబ్రవరి బిల్లుతో పాటు ఇచ్చేస్తాం, మిగిలిన పన్ను ఆ నెల జీతంలో కోసేసుకుంటారు. దాంతో ఆ ఏడాదికి పని అయిపోయిందనుకునే టీచర్లు ఇప్పటికీ ఉన్నారు. రిటర్న్ అనేది వేరే ఉందని, అది జూలైలో ఎవరికి వాళ్లు వేయాలని చెబితే ఆశ్చర్యపోతారు.

తెలిసినవాళ్లం మాత్రం ఏం చేశాం? మండల కేంద్రంలో జిరాక్స్ షాపు పక్కన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునే ఒకాయనకు ఫారం 16లు (ఏడాది జీతం, అందులో కోసిన పన్ను చూపిస్తూ ఆఫీసు ఇచ్చే కాగితం) వాట్సాప్ చేసేవాళ్లం. ఆయన్ని అందరం ఐటీ సార్ అనేవాళ్లం. మనిషికి 500. 2022 జూలైలో మధ్యాహ్నం భోజనాల వేళ స్టాఫ్‌రూమ్‌కే వచ్చి, "మామూలుగా వేస్తే మీకు ఒక్క రూపాయి కూడా వెనక్కి రాదు మేడమ్, నాకు వదిలేయండి, వచ్చినదాంట్లో పది శాతం ఇవ్వండి చాలు" అన్నాడు. అప్పుడే అనుమానం రావాలి కదా? కట్టాల్సిన పన్ను కరెక్టుగా కట్టినప్పుడు వెనక్కి వచ్చేది ఎక్కడి నుంచి వస్తుందని లెక్కల టీచర్ని, నేనైనా అడగాలి కదా? ఆగస్టులో 26,000 అకౌంట్లో పడ్డాయి. 2,600 ఫోన్‌పే చేశాను. ఎలా వచ్చాయని అడగలేదు. అడిగితే పోతాయేమోనని కూడా లోపల ఎక్కడో ఉండే ఉంటుంది, అబద్ధం ఎందుకు.

ఇంకోటి కూడా చెప్పాలి. రిటర్న్ వేసిన రోజు ఆయన ఫోన్ చేసి "ఓటీపీ వచ్చింటుంది, చెప్పండి మేడమ్" అన్నాడు. ఏడో తరగతిలో బోర్డు ముందు, ఒక చేతిలో సుద్దముక్క, ఇంకో చేతిలో ఫోన్ పట్టుకుని ఆరు అంకెలూ చదివేశాను. అది ఆధార్ ఓటీపీ. రిటర్న్‌లో ఉన్నదంతా నిజమేనని నేను పెట్టిన సంతకం అదే. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని అదే పిల్లలకు నేనే ఎన్నిసార్లు చెప్పానో.

2025 జనవరిలో మా పక్క స్కూలు సార్‌కి డిపార్ట్‌మెంట్ నుంచి మెసేజ్ వచ్చింది, మీరు చూపించిన మినహాయింపులు ఒకసారి సరిచూసుకోండి అని. నాకేమీ రాలేదు కదా అని రెండు రోజులు నిశ్చింతగా ఉన్నాను. మూడో రోజు రాత్రి మనసాగక ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ తెరిచాను. పాస్‌వర్డ్ నాకు తెలియదు, ఎప్పుడూ తెలియదు. ఆధార్ ఓటీపీతో కొత్తది పెట్టుకుని లోపలికి వెళ్లి ప్రొఫైల్ చూస్తే ఫోన్ నంబరు నాది కాదు, ఈమెయిల్ నాది కాదు. రెండూ ఐటీ సార్‌వి. అంటే నాకు మెసేజ్ రాకపోవడం కాదు, నాకు రావాల్సినవి ఆయనకు వెళ్తున్నాయి.

2022లో వేసిన రిటర్న్ డౌన్‌లోడ్ చేసి ఒక్కో వరుసా వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను. ఒకచోట 80డీడీ అని, ఎదురుగా 1,25,000 అని ఉంది. 80డీడీ అంటే ఏమిటో అప్పటికి తెలియదు, వెతికి చదివాను. తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లు ఇంట్లో మన మీద ఆధారపడి ఉంటే వాళ్ల పోషణ కోసం ఇచ్చే మినహాయింపు. నాది 20 శాతం స్లాబు, సెస్సుతో కలిపి 20.8. లక్షా పాతిక వేలలో 20.8 శాతం ఎంతో వేసి చూడండి, సరిగ్గా 26,000. మా ఇంట్లో లేని మనిషిని నా రిటర్న్‌లో పుట్టించి ఆ మనిషి పేరు మీద నాకు డబ్బులు తెప్పించాడు. మా స్కూల్లో నడవలేని పిల్లవాడు ఒకడున్నాడు, వాళ్లమ్మ రోజూ చంకనేసుకుని తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టి కూలికి వెళ్తుంది. వాళ్లకు పన్ను కట్టేంత ఆదాయమే లేదు కాబట్టి ఈ మినహాయింపుతో వాళ్లకు పనే లేదు. మర్నాడు ఆవిడ ముఖం చూడలేకపోయాను.

ఐటీ సార్‌కి ఫోన్ చేస్తే "అందరికీ అలాగే పెట్టాను మేడమ్, మీ ఒక్కరికే ఎందుకు భయం?" అన్నాడు. తర్వాత ఎత్తడం మానేశాడు. ఖమ్మంలో ఒక ఆడిటర్ గారి దగ్గరికి వెళ్తే అప్‌డేటెడ్ రిటర్న్, అంటే పాతదాన్ని సరిచేసి మళ్లీ వేయడం, ఒక్కటే దారి అన్నారు. 2022లో వేసినదానికి 2025 మార్చి 31లోగా వేస్తే పన్నూ వడ్డీ మీద ఇంకో 50 శాతం అదనం. అలా వచ్చిన 26 వేలకు 39 వేల పైన కట్టాను, ఆడిటర్ ఫీజు కాక, ఐటీ సార్‌కి ఇచ్చిన 2,600 కాక. ముందు డిపార్ట్‌మెంట్ వాళ్లే పట్టుకుని ఉంటే తప్పుడు లెక్క చూపినందుకు జరిమానా పన్నుకు రెండింతలు ఉండేదట, ఆ రకంగా తక్కువలో బయటపడ్డాను. 2025 జూలై 14న దేశమంతా 150 చోట్ల ఇలాంటి ఏజెంట్ల మీద తనిఖీలు జరిగాయని మీ పేపర్‌లోనే వచ్చింది, అంతకుముందు నాలుగు నెలల్లో 40 వేల మంది 1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వాళ్లంతట వాళ్లే వెనక్కి తీసుకున్నారని కూడా. మార్చిలో వేసిన నేనూ ఆ లెక్కలో ఉండే ఉంటాను.

ఇంత జరిగాక ఇక నాది నేనే వేసుకుంటాను అని పట్టుబట్టాను. పెద్దాయన చెప్పిన పావుగంట మాత్రం అబద్ధం. ఆ ఏడు గడువు జూలై 31 నుంచి సెప్టెంబర్ 15కి, చివర్లో ఇంకొక్క రోజు 16కి పెంచారు కాబట్టి టెన్షన్ లేకుండా ఆగస్టులో ఒక ఆదివారం కూర్చున్నాను. అసలు పని రిటర్న్ ఫారంలో లేదు, 26ఏఎస్, ఏఐఎస్ అని రెండు కాగితాలుంటాయి పోర్టల్‌లో, వాటిలో ఉంది. మన పాన్ మీద ఎవరెవరు ఎంత పన్ను కట్టారో, మనకు ఎక్కడెక్కడ ఆదాయం వచ్చిందో డిపార్ట్‌మెంట్‌కి అప్పటికే తెలిసిందంతా అక్కడ కనిపిస్తుంది. నా 26ఏఎస్‌లో ఫిబ్రవరిలో కోసిన పన్ను అసలు లేదు! జీతంలో కోశారు, ఫారం 16లో ఉంది, ఇక్కడ లేదు. మూడు నెలలకోసారి ఆఫీసు వేయాల్సిన 24క్యూ అనే లెక్క వేయలేదట. రెండుసార్లు తిరిగితే, "ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదే మేడమ్" అంటూ వేశారు. ఏఐఎస్‌లో నేను మర్చిపోయిన ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ 11,480 ఉంది. అది కలిపాను. ఇవన్నీ అయ్యాక ఐటీఆర్-1, అంటే మాలాంటి జీతగాళ్ల రిటర్న్ ఫారం, నిజంగానే అరగంట పని, చాలావరకు వాళ్లే నింపి ఉంచుతారు.

అంతా అయ్యాక మురిసిపోయానా, అక్టోబర్‌లో రిటర్న్‌లు పరిశీలించే బెంగళూరు సీపీసీ ఆఫీసు నుంచి ఇంకా పన్ను కట్టాలని డిమాండ్ వచ్చింది. మాకు డీఏ బకాయిలు ఒకేసారి పడ్డాయి, పాత ఏళ్లవి ఈ ఏడు ఆదాయంలో కలిసి పన్ను పెరిగితే సెక్షన్ 89 కింద కొంత ఊరట ఉంటుంది. అది నేను రిటర్న్‌లో రాశాను గానీ, అంతకంటే ముందు పోర్టల్‌లోనే ఫారం 10ఈ అనేది విడిగా పెట్టాలని తెలియలేదు. పెట్టకపోతే ఆ ఊరట కొట్టేస్తారు, కొట్టేశారు. మళ్లీ ఆ ఆడిటర్ గారి దగ్గరికే వెళ్లాను. 10ఈ పెట్టించి, డిసెంబర్ 31లోపే రివైజ్డ్ రిటర్న్ వేయించారు, 1,500 తీసుకున్నారు. ఆ 1,500 ఇవ్వడానికి నాకేమీ బాధ అనిపించలేదు. పెద్దాయన గారికి చెప్పాలనుకున్నది ఇదే. బకాయిలు పడిన ఏడాది టీచర్లు సొంతంగా వేసుకోవాలంటే ముందు 10ఈ సంగతి చూసుకోవాలి, లేదా తెలిసినవాళ్లకు చూపించుకోవాలి.

మినహాయింపులుండే పాత పద్ధతా, అవి చాలావరకు లేకుండా రేట్లు తక్కువుండే కొత్త పద్ధతా అన్నది కూడా ఎవరికి వాళ్లు వేసుకుని చూడాల్సిన లెక్కే. మా స్కూల్లో ఇద్దరున్నారు, ఇద్దరికీ ఏడాదికి ఇంచుమించు 11 లక్షలు. హెచ్‌ఆర్‌ఏ పక్కన పెట్టి వేసి చూశాం. 2024-25కి కొత్త పద్ధతిలో ఇద్దరికీ 55,900. ఇంటి లోను వడ్డీ 2 లక్షలు, పొదుపుల మీద ఇచ్చే 80సీ మినహాయింపు లక్షన్నర నిండా ఉన్న సార్‌కి పాత పద్ధతిలో 54,101, అంటే 1,799 మిగులు. 80సీ నిండా ఉన్నా ఇంటి లోను లేని మేడమ్‌కి పాతదైతే దాదాపు 95,700. ఆఫీసులో ఫిబ్రవరిలో ఏది రాసిచ్చినా, గడువులోపు వేసే రిటర్న్‌లో జీతగాళ్లు మార్చుకోవచ్చు. ఐటీ సార్ లాంటివాళ్లు 60 మందికీ ఒకటే కొట్టుకుంటూ పోతారు.

అలాగని అన్నీ సొంతంగా వేసుకోమని నేననను. మా తమ్ముడు ఎప్పుడో కొన్న ప్లాటు అమ్మాడు. 2024 జూలై 23కి ముందు కొన్నవాటికి 12.5 శాతమా, ద్రవ్యోల్బణం లెక్కతో 20 శాతమా, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. ఆ లెక్క వాడికి రాదు, నాకూ రాదు, వాడు సీఏకి 6 వేలిచ్చాడు, మంచి పని చేశాడు. మా ఆడపడుచు కొడుకు ఫోన్‌లో షేర్ మార్కెట్ ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఆడతాడు. నష్టమే కదా, రిటర్న్‌లో ఎందుకు అంటాడు. అది వ్యాపారం కింద లెక్క, ఐటీఆర్-3 వేయాలి, చూపిస్తేనే ఆ నష్టం వచ్చే ఏళ్లకు పనికొస్తుంది. ఇలాంటివాళ్లు ఆడిటర్ ఫీజు దగ్గర పిసినారితనం చేస్తే వాళ్ల ఖర్మ. సీఏ అని చెప్పుకునేవాళ్లు నిజంగా సీఏనా కాదా అన్నది సీఏల సంస్థ ఐసీఏఐ వెబ్‌సైట్‌లో పేరు కొడితే తెలుస్తుంది. ట్యాక్స్ కన్సల్టెంట్ అనే బోర్డు మాత్రం ఎవరైనా పెట్టుకోవచ్చు.

మా అమ్మాయి అమెరికాలో డల్లాస్‌లో ఉంటుంది. అక్కడ డబ్బు తీసుకుని ఎవరి రిటర్న్ తయారుచేసినా ఆ మనిషికి పీటిన్ అని ఒక నంబరు ఉండాలి, ఆ నంబరు వేసి రిటర్న్ మీద సంతకం కూడా పెట్టాలి. నా రిటర్న్ ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చూశాను, 2,600 తీసుకున్న మనిషి పేరు ఎక్కడా లేదు, నాది తప్ప. ఎవరి చేత్తో నింపించారో రిటర్న్‌లో రాయాల్సిందేనని ఇక్కడ కూడా పెడితే ఈ పది శాతం బేరాలు సగం తగ్గుతాయి. మీ పత్రిక ఆ సంగతి కొంచెం గట్టిగా రాయాలి.

2025-26కి కొత్త పద్ధతిలో జీతగాళ్లకు 12.75 లక్షల దాకా పన్ను లేదు కాబట్టి మాలో చాలామందికి సున్నా. దాంతో ఈ ఫిబ్రవరి ఎక్సెల్ షీట్‌తో పాటు "ట్యాక్స్ లేదు, ఇక రిటర్న్ అక్కర్లేదు" అని ఒక మెసేజ్ కూడా తిరుగుతోంది. తప్పు. ఆదాయం 4 లక్షలు దాటితే పన్ను సున్నా అయినా రిటర్న్ వేయాల్సిందే.

మొన్న శనివారం బడి అయ్యాక స్టాఫ్‌రూమ్‌లో నలుగురం కూర్చుని ముందు పాస్‌వర్డులు మార్చాం. ముగ్గురి ప్రొఫైల్లో ఇంకా ఐటీ సార్ నంబరే ఉంది. ఇద్దరు పాత రిటర్న్‌లు కూడా తెరిచి చూసుకున్నారు, ఒకరికి ఏమీ లేదు, ఒకరికి ఉంది. 2022లో వేసినదాన్ని సరిచేసుకోవడానికి 2027 మార్చి దాకా టైముంది గానీ, అదనం 2026 మార్చి 31లోపు అయితే 60 శాతం, అది దాటితే 70 అని చెప్పాను. మూడో ఆవిడ పాస్‌వర్డ్ మార్చుకుంది, ఫోన్ నంబరు మార్చుకుంది, "రిటర్న్ తెరవనా?" అంటే వద్దంది. "నాకు అప్పుడు 31 వేలొచ్చాయి వదినా, చూడకపోతేనే మంచిదేమో" అని ఫోన్ బ్యాగులో పెట్టేసుకుని బస్సు టైమైందని వెళ్లిపోయింది.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉపాధ్యాయురాలు,
ఖమ్మం జిల్లా