స్వార్జితం సౌజన్యానికి హామీ కాదు

సంపాదకులు గారికి,

నమస్కారములు. కష్టపడి పైకి వచ్చిన పారిశ్రామికవేత్తల గురించి ఇటీవల మీ పత్రికలో వెలువడిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. రెక్కల కష్టంతో ధనవంతులైనవారికి పేదల బాధ తెలిసి ఉంటుంది గనుక వారు దయగా, వినయంగా ఉంటారనీ, తాతతండ్రుల ఆస్తి అనుభవించేవారు సోమరులై ఎదుటివారి కష్టం పట్టకుండా ప్రవర్తిస్తారనీ వ్యాసకర్త తేల్చేశారు. మనలో చాలామంది అనుకునేదీ అదే. వినడానికి న్యాయంగానూ ఉంటుంది. కానీ ఇందులో రెండో మాట కొంతవరకే నిజం. మొదటి మాట చాలావరకు తప్పు. పైగా దాన్ని పదేపదే చెప్పడం వల్ల కింద ఉన్నవారికి కీడు జరుగుతోందని నా గట్టి నమ్మకం.

ముందుగా వారసుల సంగతి చూద్దాం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్న మాటకు లెక్కల ఆధారం కూడా ఉంది. ముగ్గురు అమెరికన్ ఆర్థికవేత్తలు తమ దేశపు పన్ను రికార్డులను పరిశీలించి 1993లో ఒక అధ్యయనం ప్రచురించారు. పెళ్లికాని లేదా ఒంటరిగా ఉన్న వ్యక్తుల్లో 1,50,000 డాలర్లకు మించి వారసత్వం అందినవారు, 25,000 డాలర్ల లోపు అందినవారితో పోలిస్తే, పని మానేసే అవకాశం సుమారు నాలుగు రెట్లు ఎక్కువని అందులో తేలింది. డెన్మార్క్ కుటుంబ సంస్థలపై 2007లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా లోతుకు వెళ్లింది. వారసుడి వల్ల సంస్థ దెబ్బతిన్నదా, లేక దెబ్బతినే సూచనలున్న సంస్థనే వారసుడికి అప్పగించారా అన్నది తేల్చడం కష్టం గనుక, ఆ పరిశోధకులు యజమాని తొలి సంతానం ఆడపిల్లా మగపిల్లవాడా అన్న వివరాన్ని ఆధారం చేసుకున్నారు. తొలి బిడ్డ మగపిల్లవాడైన ఇళ్లలో పగ్గాలు కుటుంబం చేతిలోనే ఉండిపోవడం ఎక్కువగా జరిగేది, ఆ బిడ్డ పుట్టుకకూ వ్యాపారం బాగోగులకూ ఏ సంబంధమూ ఉండదు. అలా వడగట్టి చూసినా, కుటుంబ సభ్యుడికి పగ్గాలు అప్పగించిన సంస్థల్లో ఆస్తులపై వచ్చే లాభం కనీసం 4 శాతం పాయింట్లు పడిపోయింది.

అయినా వారసులందరినీ ఒకే గాటన కట్టలేము. ఓడలు, రైల్వేల వ్యాపారంలో స్వయంగా ఎదిగిన అమెరికన్ సంపన్నుడు కొర్నేలియస్ వాండర్‌బిల్ట్ 1877లో మరణించేనాటికి ఆయన ఆస్తి సుమారు 10 కోట్ల డాలర్లు. అందులో సింహభాగం పొందిన కొడుకు విలియం హెన్రీని ఆ తండ్రి చాలాకాలం పనికిరానివాడిగా జమకట్టాడు. ఆ కొడుకే, 1885లో తాను చనిపోయేలోగా, దాన్ని దాదాపు రెట్టింపు చేశాడు. వేలం వెర్రిగా ఖర్చు పెట్టడం ఆ తర్వాతి తరంలో మొదలైంది. అన్నదమ్ముల్లో ఒకరు 70 గదుల భవంతి, మరొకరు 250 గదుల భవంతి కట్టించుకున్నారు. రెండూ 1895లో గృహప్రవేశానికి సిద్ధమయ్యాయి, ఈనాడు రెండింటినీ సందర్శకులు టికెట్టు కొని చూసి వస్తున్నారు. ఏ కుటుంబ ప్రతిష్ఠ అయినా నాలుగు తరాల్లో ముగిసిపోతుందని 14వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ రాశాడు. ఆ వైభవాన్ని ఎవరో శ్రమించి కట్టారన్న ఎరుక నాలుగో తరం వాడికి ఉండదనీ, అది తమ వంశానికి మొదటినుంచీ చెందవలసినదేనని అతడు భావిస్తాడనీ ఆయన వివరణ. వారసత్వ సంపద ప్రవర్తనను ఎలా మారుస్తుందో ఇంతకన్నా సూటిగా చెప్పినవారిని నేను చూడలేదు. అక్కడ లోపం సోమరితనం ఒక్కటే కాదు, కారణం మరచిపోవడం కూడా.

ఇక స్వార్జితపరుల విషయం. మన చర్చల్లో ఎవరూ తడమని భాగం ఇదే గనుక కాస్త వివరంగా రాయడానికి అనుమతి కోరుతున్నాను. ప్లేటో రాసిన ఒక సంభాషణలో సోక్రటీస్ వృద్ధుడైన కెఫలస్ ఇంటికి వెళ్లి, మీ సంపదలో ఎక్కువ భాగం వారసత్వంగా వచ్చిందా, మీరు సంపాదించిందా అని అడుగుతాడు. తాత తనకు వచ్చినదాన్ని ఎన్నో రెట్లు పెంచాడనీ, తండ్రి దాన్ని బాగా తగ్గించాడనీ, తాను అందుకున్నదానికన్నా రవ్వంత ఎక్కువ పిల్లలకు వదిలివెళ్తే చాలనీ ఆ పెద్దాయన బదులిస్తాడు. మీకు డబ్బు మీద అంత వ్యామోహం లేనట్టు తోచి అడిగానంటాడు సోక్రటీస్. సొంతంగా సంపాదించినవారు డబ్బును అందరిలా దాని ఉపయోగం కోసం ప్రేమించడమే కాక, కవి తన పద్యాన్నీ తండ్రి తన బిడ్డనూ ప్రేమించినట్టు, తమ చేతి సృష్టిగా కూడా ప్రేమిస్తారనీ, ధనం తప్ప మరి దేన్నీ మెచ్చుకోని అలాంటివారితో మాట్లాడడం కష్టమనీ అంటాడు. 2,300 ఏళ్లు దాటినా ఆ పరిశీలన చెక్కుచెదరలేదు.

దీనికి తోడు ఇటీవలి పరిశోధన ఒకటి ఉంది. హ్యుంజిన్ కూ, పాల్ పిఫ్, అజీం షరీఫ్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2022లో దాన్ని ప్రచురించారు. పుట్టుకతో ధనవంతులైన వారికన్నా, కింది నుంచి ఎదిగి ధనవంతులైన వారు పేదల పట్ల ఎక్కువ సానుభూతితో ఉంటారని సామాన్య జనం ఊహించారు. ధనవంతులను అడిగి చూస్తే ఫలితం తలకిందులైంది. ఎదిగి వచ్చినవారు, పైకి రావడం అంత కష్టమేమీ కాదని ఎక్కువగా అనుకున్నారు. అందువల్ల పేదల పట్ల వారి సానుభూతి తక్కువగా ఉంది. నాకు ఇందులో ఆశ్చర్యం కలగలేదు. నెగ్గినవాడికి తాను నడిచిన దారి తెరిచి ఉన్నట్టే కనిపిస్తుంది. అతనితో పాటు బయలుదేరి, అతనంతగానే చెమటోడ్చి, ఒక జబ్బు వల్లనో ఒక అప్పు వల్లనో మధ్యలో ఆగిపోయినవారు అతను చెప్పే కథలో ఉండరు.

లెక్కలు చూసే వృత్తిలో జీవితమంతా గడిపినవాణ్ని గనుక ఇలాంటి ఘట్టాలను దగ్గరగా చూసే అవకాశం నాకు కలిగింది. చిన్న గుమాస్తాగా మొదలై సంస్థ స్థాపించిన ఒక పెద్దమనిషి దగ్గరికి, బిడ్డ వైద్యం కోసం రెండు నెలల జీతం ముందుగా ఇమ్మని ఒక కార్మికుడు అర్జీ తెచ్చాడు. ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివారు, అతని పాత బాకీ ఎంతో నన్ను అడిగారు, తన చిన్నతనంలో ఇంట్లో జబ్బు చేస్తే ఎవరి ముందూ చేయి చాచలేదని చాలాసేపు చెప్పి, సగం మొత్తానికి సంతకం చేశారు. కొన్నేళ్లకు అదే కుర్చీలో కూర్చున్న ఆయన కుమారుడు ఇలాంటి అర్జీలను చదవకుండానే పూర్తి మొత్తానికి సంతకం పెట్టి పంపేవారు, కానీ అర్జీ పెట్టిన మనిషి ఏ విభాగంలో పనిచేస్తాడో కూడా ఆయనకు తెలియదు. తండ్రికి మనిషి తెలుసు, కనికరం తక్కువ. కొడుకు చేయి ధారాళం, మనిషి మీద ధ్యాస లేదు. అర్జీదారుడి వైపు నుంచి చూస్తే కొడుకే నయమని ఒప్పుకోక తప్పదు.

స్వార్జితానికి నిలువెత్తు ఉదాహరణగా చెప్పే ఆండ్రూ కార్నెగీ జీవితంలోనూ ఇదే కనిపిస్తుంది. మరమగ్గాలు వచ్చి బతుకుతెరువు పోయిన ఒక స్కాట్లండ్ నేతగాడి కొడుకు ఆయన. 1848లో కుటుంబంతో అమెరికా చేరి, నూలు మిల్లులో వారానికి డాలరు ఇరవై సెంట్ల కూలికి పనిచేశాడు. కూలివాడి బతుకు ఆయనకన్నా బాగా ఎవరికి తెలియాలి? కానీ 1892లో హోమ్‌స్టెడ్‌లోని ఆయన ఉక్కు కర్మాగారంలో వేతనాల కోత మీద గొడవ వచ్చినప్పుడు, ఆయన స్కాట్లండ్‌లో ఉండి వ్యవహారమంతా మేనేజరు హెన్రీ ఫ్రిక్‌కు వదిలేశాడు. కార్మికుల మీదికి వందల మంది ప్రైవేటు గార్డులను దింపారు, కాల్పుల్లో ఇరువైపులా ప్రాణాలు పోయాయి, కార్మిక సంఘం చితికిపోయింది. అదే కార్నెగీ 1901లో సంస్థను అమ్మేసి, జీవితకాలంలోనే ఆస్తిలో అధిక భాగాన్ని దానం చేశాడు. ఆయన డబ్బుతో ప్రపంచవ్యాప్తంగా రెండున్నర వేలకు పైగా గ్రంథాలయాలు వెలిశాయి. ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు కర్నల్ ఆండర్సన్ అనే ఆయన తన సొంత పుస్తకాలను శనివారాల్లో పనిపిల్లలకు ఇచ్చేవాడు, గ్రంథాలయాలకు మూలం అదే. తాను దేన్ని పట్టుకుని పైకి వచ్చాడో దాన్ని మాత్రమే అందరికీ పంచాడని నా అభిప్రాయం. పన్నెండు గంటలు కొలిమి దగ్గర నిలబడినవాడికి పుస్తకం తెరిచే ఓపిక ఉంటుందా అన్న ప్రశ్న ఆయన ఉదారతలోకి రాలేదు.

ఆయన పెట్టిన తొలి పెట్టుబడి కూడా గుర్తుంచుకోదగ్గదే. రైల్వేలో తన పై అధికారి థామస్ స్కాట్ చెప్పిన మీదట ఆడమ్స్ ఎక్స్‌ప్రెస్ షేర్లు కొన్నాననీ, ఆ డబ్బు కోసం తల్లి ఇల్లు తాకట్టు పెట్టిందనీ ఆయనే రాసుకున్నాడు. ఆ అధికారి ఆదరణా, తాకట్టుకు ఒక ఇల్లూ లేకపోతే ఆయన తెలివితేటలు ఎంతవరకు అక్కరకు వచ్చేవో ఆలోచించాలి. స్వార్జితం అని మనం పిలిచే ప్రతి ఆస్తిలోనూ ఇలా అందివచ్చిన భాగం ఒకటి ఉంటుంది, అది కథలోంచి జారిపోయినప్పుడే మనిషి కఠినుడవుతాడు.

వారసులకు ఈ విషయంలో ఒక సౌలభ్యం ఉంది. తన ఆస్తి తాను సంపాదించినది కాదని వారసుడికి తెలియకుండా ఉండదు, నిజాయితీ ఉంటే ఒప్పుకోకుండానూ ఉండలేడు. ఆస్ట్రియాకు చెందిన మార్లీన్ ఎంగెల్‌హార్న్ అలా ఒప్పుకున్నవారిలో ఒకరు. 2008లో వారసత్వ పన్ను రద్దయిన ఆ దేశంలో, వారసత్వంగా వచ్చిన సంపదపై తాను పైసా పన్ను కట్టనక్కరలేకపోవడం అన్యాయమని ఆమె భావించారు. రెండున్నర కోట్ల యూరోలను ఎవరికివ్వాలో తాను నిర్ణయించడం కూడా సరికాదని, 50 మంది సామాన్య పౌరుల బృందానికి ఆ అధికారం వదిలిపెట్టారు. 2024లో వారు దాన్ని 77 సంస్థలకు పంచారు. వారసులందరూ ఇలా చేస్తారని నేను అనడం లేదు. చేసేవారు అరుదు. అయితే ఆ పని వెనుక ఉన్న ఆలోచన వారసురాలికి తట్టినంత సులువుగా స్వార్జితపరుడికి తట్టదని మాత్రం అంటున్నాను.

కొత్తగా బిలియనీర్లు అయినవారిలో స్వయంగా సంపాదించినవారి మొత్తం సంపద కంటే వారసత్వంగా పొందినవారి మొత్తం సంపద తొలిసారిగా ఎక్కువైందని స్విస్ బ్యాంకు యూబీఎస్ 2023 నివేదిక చెప్పింది. రాబోయే సంవత్సరాల్లో మీ పత్రిక వారసుల గురించి మరింతగా రాయవలసి వస్తుంది, వారికి పోటీగా స్వార్జితపరుల విజయగాథలూ వస్తూనే ఉంటాయి. కనుక నా విన్నపం ఒక్కటే. ఇకపై ఏ సంపన్నుడి గురించి రాసినా, తొలి పెట్టుబడి ఎవరిచ్చారు, తొలి అవకాశం ఎవరు చూపారు, ఆ సంస్థలో అట్టడుగున పనిచేసే మనిషికి ఈనాడు ఎంత ముడుతోంది అన్న మూడు ప్రశ్నలు అడిగించి, జవాబులను కథనంలోనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. జవాబు చెప్పడానికి నిరాకరిస్తే ఆ సంగతి కూడా పాఠకులకు తెలియజేయండి.

భవదీయుడు,
మీ పత్రిక పాఠకుడు