తమ మాటల్లో తాము: హైస్కూలు పిల్లల స్వీయరచన తరగతులపై విశ్వావసు నామ సంవత్సర నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పండగలు, వనభోజనాలు, జమాఖర్చుల వివరాలు ఎప్పటిలాగే విడిగా జతచేశాం. ఈ నివేదికను మాత్రం ఒక్క పనికే కేటాయిస్తున్నాం. న్యూజెర్సీ హైస్కూళ్లలో 9 నుంచి 12వ తరగతి దాకా చదువుతున్న మన పిల్లల చేత తమ గురించి తాము రాయించడం ఈ ఏడాది మనం చేసిన పనుల్లో అన్నిటికన్నా కష్టమైనది, అన్నిటికన్నా విలువైనది కూడా. ఎక్కడ కుదిరిందో, ఎక్కడ చెడిందో తెలిస్తేనే వచ్చే ఏడు మరికొంతమంది చెయ్యి వెయ్యగలరు.

తరగతులు 2025 సెప్టెంబరు 6, శనివారం మొదలయ్యాయి. దసరా శనివారం వదిలేసి, పది వారాలు నడిచి నవంబరు 15న ముగిశాయి. మొదలుపెట్టిన తేదీ కావాలని ఎంచుకున్నదే. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి జయంతి, సెప్టెంబరు 9 కాళోజీ జయంతి, మన మొదటి తరగతి ఈ రెంటి మధ్య పడింది. జనం మాట్లాడే తెలుగుకు కాగితం మీద చోటు కావాలని పోరాడిన ఒకరు, తెలంగాణ యాసకు గౌరవం కావాలని కలం పట్టిన మరొకరు. ఇంట్లో మాట్లాడే తెలుగు ‘తప్పు తెలుగు’ అనుకునే పిల్లలు మన దగ్గర చాలామందే ఉన్నారు. అందుకే మొదటి రోజు బోర్డు మీద ‘ఏం చేస్తున్నావ్’, ‘ఏం జేస్తున్నవ్’, ‘ఏం చేస్తాండావ్’, ‘ఏటి చేస్తన్నావ్’ పక్కపక్కనే రాసి, ఏ ఒక్కదాన్నీ దిద్దకుండా వదిలేశాం. ఎవరింటి మాట ఏదో వాళ్లే చూపించుకున్నారు.

ఒక్కో బల్ల దగ్గర ఆరుగురు పిల్లలు, ఒక పెద్ద, ఒక కాలేజీ విద్యార్థి. ఆరుగురు దాటితే 90 నిమిషాల్లో అందరి రచనా వినడం కుదరదు. మొదటి 10 నిమిషాలు ఎవరైనా ఒకరు చదివి వినిపించాలి, తరవాత 25 నిమిషాలు నిశ్శబ్దంగా చేత్తో రాయాలి, 40 నిమిషాలు బల్ల దగ్గర చదువుకోవాలి, చివరి 15 నిమిషాలు వచ్చే వారం పనికి. నోటుబుక్కులో కుడి పేజీ రాయడానికి, ఎడమ పేజీ ఖాళీగా ఉంచడానికి. విన్నవాళ్లకు కలిగిన ప్రశ్నలు ఆ ఎడమ పేజీలోకి వెళ్తాయి. మెచ్చుకోలు రాయకూడదు, దిద్దుబాటూ రాయకూడదు, ప్రశ్నలే రాయాలి. ఈ ఒక్క నియమం వల్ల రెండో చిత్తుప్రతులు మొదటివాటికన్నా చాలా బాగుపడ్డాయి. ఇంగ్లీషులో రాసినా, తెలుగులో రాసినా, కలిపి రాసినా సమ్మతమే.

మొదటి రెండు వారాలు ఒక్క మాట మీదే పనిచేశాం. ఇంట్లో వినే మాటల్లో ఇంగ్లీషులోకి సులువుగా దిగనిది ఒకటి తేవాలి: ఎంగిలి, మొహమాటం, దిష్టి, అలక. ఆ మాటకు అర్థం రాయమని అడిగితే నిఘంటువులా రాస్తారు. అది ఇంట్లో చివరిసారి ఎవరు, ఎవరితో, ఏ గదిలో, ఏం జరుగుతుండగా అన్నారో రాయమంటే మనుషులు కనబడతారు. ఎయిర్‌పోర్టులో ‘వెళ్తున్నా’ అనకుండా ‘వెళ్లొస్తా’ అనడం ఎందుకో ఒక పేజీ రాయగలిగినవాళ్లకు ‘మన సంస్కృతి’ అనే పెద్ద మాట అవసరమే పడలేదు.

అన్నిటికన్నా ఫలితమిచ్చిన అభ్యాసం ‘మనం’, ‘మేము’. వినేవాళ్లను కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట కావడంతో ఆ తేడా కనబడకుండా పోతుంది. పిల్లలు ముందే రాసుకున్న పేరా ఒకటి తీసుకుని, అందులో ‘వియ్’ వచ్చిన ప్రతిచోటా పైన చిన్నగా ‘మనం’ అనో ‘మేము’ అనో రాయాలి. ఉగాది పచ్చడి తింటాం అన్న వాక్యంలో ఉన్నది ఎవరు? స్కూలు బస్సులో పాడుకున్నాం అన్న వాక్యంలో? ఎక్కడ ఏది రాయాలో తేలక పెన్ను ఆగిపోయిన చోటే అసలు వ్యాసం మొదలవుతుంది. దీనికి 20 నిమిషాలు చాలవు, తరగతి మొత్తం ఇవ్వాలి. ఈసారి తక్కువ ఇచ్చి తప్పు చేశాం.

మూడు, నాలుగు వారాలు పేరు మీద. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది, ఇక్కడి కాగితాల్లో చివరికి పోతుంది. పొడవైన పేరు రెండుగా చీలి, సగం మధ్యపేరు అయిపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు పేరంతా ఇంటిపేరు గడిలోకి చేరి, అసలు పేరు ఉండాల్సిన చోట వీసా మీద, మొదటి పేరు తెలియదని చెప్పే ‘ఎఫ్‌ఎన్‌యూ’ పడుతుంది. పిల్లలు తమ పేరు ఎన్ని కాగితాల మీద ఎన్ని రకాలుగా ఉందో ఇంట్లో వెతికి, జాబితా రాసుకుని వచ్చారు.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. ఇంటిపేరు చాలాసార్లు ఊరిపేరే, కానీ దాని గురించి అడగ్గానే కులం ప్రస్తావన వస్తుంది. పెద్దలెవరూ ఏ బిడ్డనూ ఆ ప్రశ్న అడగకూడదని, తోటివాళ్లను అడగనివ్వకూడదని ముందే నియమం పెట్టాం. ఎవరైనా తమంతట తాము దాని గురించి రాస్తే ఆపకూడదు, ‘ఇవన్నీ ఎందుకమ్మా’ అని దాటెయ్యకూడదు. వాళ్లు ఒప్పుకోకుండా ఆ పేజీ బల్ల దగ్గర చదవకూడదు. వివక్షను అనుభవించిన ఇంటి పిల్లలకీ, దాని గురించి ఇంట్లో ఒక్క మాటా వినని పిల్లలకీ ఇదే వర్తిస్తుంది.

ఐదు, ఆరు వారాలు అమ్మమ్మ, తాతయ్య, నానమ్మలతో ఫోను సంభాషణ. శనివారం ఉదయం 8:30కి చేస్తే ఇండియాలో సాయంత్రం 6 గంటలు. నవంబరు 2న ఇక్కడ గడియారం వెనక్కి జరిగాక అదే ఫోను 7 గంటలకు వెళ్తుంది, భోజనాల వేళ కావడంతో మాటలు పొట్టిగా తేలిపోతాయి. రికార్డు చేస్తున్నట్టు ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి, 20 నిమిషాలకు మించకూడదు. ‘మీ చిన్నతనం గురించి చెప్పండి’ అని అడిగితే ‘ఏముందమ్మా, బాగానే గడిచింది’ అనే వస్తుంది. బడికి ఎలా వెళ్లేవారు, క్యారేజీలో ఏముండేది, నీళ్లు ఎవరు మోసేవారు, కరెంటు ఎప్పుడొచ్చింది అని అడిగితే అరగంటైనా ఆగరు. తరవాత ఐదు నిమిషాల భాగం ఎంచుకుని ఉన్నదున్నట్టు రాసుకోవాలి. లిపి రానివాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకుని, ఒక్క వాక్యం మాత్రం పెద్దల సాయంతో తెలుగు లిపిలో రాయాలి. ఈ పని ఫోనులోని యాప్‌కు వదిలేస్తే యాసను పుస్తకాల భాషగా మార్చేస్తుంది, కావాల్సింది ఆ యాసే.

చెడినవి చెప్పాలి. మొదటిది, తల్లిదండ్రుల చెయ్యి. ఇంటికెళ్లి వచ్చిన కొన్ని చిత్తుప్రతుల్లో బిడ్డ గొంతు పోయి ‘సుసంపన్నమైన వారసత్వం’ వచ్చి కూర్చుంది. అందుకే ఏడో వారం నుంచి నోటుబుక్కులు మన బీరువాలోనే ఉంచాం. రెండోది, అందరూ రాసే కథ. స్కూలు భోజనంలో పులిహోర చూసి తోటివాళ్లు ముక్కు మూసుకోవడం, రెండు పడవల మీద కాళ్లు, చివర్లో ‘ఇప్పుడు రెండూ నావే’ అన్న గర్వం. అది నిజంగా జరిగి ఉండొచ్చు, కానీ ఆ మలుపు ముందే తెలిసినది కావడంతో రాసేవాళ్లు ఆలోచించడం మానేస్తారు. తొమ్మిదో వారంలో ప్రతి వ్యాసం చివరి పేరా కొట్టేసి చదివాం. చాలావాటికి ఆ పేరా అక్కర్లేదని తేలింది. మూడోది, ఏఐ యంత్రం చేత రాయించుకోవడం. తరగతిలో చేత్తో రాయించడమే దీనికి మందు, నిఘా కాదు.

కాలేజీ దరఖాస్తుల సంగతి. చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో వ్యాసానికి పరిమితి 650 పదాలు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలకు ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి, ఒక్కోదానికి 350 పదాలు. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టివేస్తూనే, జాతి తన జీవితాన్ని ఎలా తాకిందో విద్యార్థి రాసుకుంటే కాలేజీ దాన్ని చూడొచ్చంది. దాంతో ఇళ్లలో ఈ తరగతుల మీద ఒత్తిడి పెరిగింది. అయినా దరఖాస్తు వ్యాసాలు ఇక్కడ దిద్దం. ఎవరినో మెప్పించడానికని మొదలుపెట్టిన మరుక్షణం పిల్లలు తమకింకా అంతుపట్టని సంగతుల గురించి రాయడం ఆపేస్తారు. 12వ తరగతివాళ్లకు ఆగస్టులో వేరే తరగతి పెట్టాలి.

తల్లిదండ్రుల ఉద్యోగ వీసా ఆధారంగా ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలది మరో బరువు. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండటం వల్ల తల్లిదండ్రుల వంతు రాకముందే వీళ్లలో చాలామందికి 21 ఏళ్లు నిండుతాయి, ఆ హోదా పోతుంది. ఫెడరల్ ఆర్థిక సాయమూ అందదు. ‘నేను ఎక్కడివాణ్ణి’ అన్న ప్రశ్న వాళ్లకు వ్యాసం అంశం కాదు, కాగితాల మీద తేదీ. రాస్తామంటే రాయనివ్వాలి, కానీ ఆ పేజీలు ఫొటో తీయడం, పంచుకోవడం పూర్తిగా నిషేధం. ఏ రచనలోనైనా ప్రాణం మీద విరక్తి కనబడితే మన పెద్దలు సలహాదారులు కాబోకూడదు. అదే రోజు తల్లిదండ్రులకు, స్కూలు కౌన్సెలర్‌కు చెప్పాలి. అలాంటి ఆలోచనలు వచ్చినప్పుడు సాయం కోసం ఫోను చేసే 988 నంబరును పిల్లల చేత మొదటి రోజే నోటుబుక్కు అట్ట లోపల రాయించాం.

చివరి శనివారం సభలో చదవడం ఎవరి ఇష్టం వారిది. సంకలనం అచ్చువేద్దామన్న ప్రతిపాదనను పక్కన పెట్టాం. ఫోనులో మనసు విప్పిన తాతయ్యలు, అమ్మమ్మల అనుమతి కూడా తీసుకోవాలి కాబట్టి. నోటుబుక్కులన్నీ పిల్లలకే తిరిగి ఇచ్చేశాం.

2026లో ఆగస్టు 29 శనివారమే వస్తోంది, తరగతులు ఆ రోజే మొదలవుతాయి. ఉత్తరాంధ్ర, రాయలసీమ యాసలు బాగా తెలిసిన పెద్దలు బల్లల దగ్గర తక్కువగా ఉన్నారు. దిద్దకుండా వినగలిగినవారు ముందుకు రావాలి, తమ పిల్లలున్న బల్ల దగ్గర మాత్రం కూర్చోకూడదు. పేర్లు జూన్ నెలాఖరులోగా కార్యదర్శికి ఇవ్వండి.