హారన్ బిగించేవాడినీ అడగండి

సంపాదకుల వారికి,

విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లుగా ఆటో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నాను. హారన్ల గోల గురించి ఎవరు మాట్లాడినా తిట్లన్నీ డ్రైవర్లకే పడతాయి. ఆ హారన్ తనంతట తాను వచ్చి బండికి అతుక్కోదు కదా! బిగించేది మేము. అందుకే ఈ ఉత్తరం.

కంపెనీ హారన్ నచ్చక మార్చుకోవడం తప్పేం కాదు. కొన్ని చిన్న కార్లకు ఒక్క హారనే వస్తుంది. దాని పీల గొంతు హైవే మీద లారీవాడికి వినపడదు. సన్న గొంతుది (హై), బొంగురు గొంతుది (లో) రెండూ జత చేసి, రిలే (హారన్ కరెంటు భారం స్విచ్ మీద పడకుండా చూసే చిన్న భాగం) పెట్టి ఇస్తే ఒకేసారి మోగి గొంతు నిండుగా వస్తుంది. ఇలా ఎన్ని బళ్లకు చేశానో లెక్క లేదు. (రిలే లేకుండా కలిపేసి స్విచ్ కాల్చుకునేవాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి.) 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వది వద్దన్నది దీన్ని కాదు. రకరకాల స్వరాలు ఒకదాని వెంట ఒకటి పలికే హారన్లను, ఉలిక్కిపడేలా చేసే మోతను వద్దంది. అంబులెన్స్, ఫైరింజన్, పోలీసు బళ్లకు మినహాయింపు ఉంది.

మా దగ్గరికొచ్చి అడిగేది మాత్రం ఆ వద్దన్నవే. బైకుకు లారీ హారన్ కావాలంటాడొక కుర్రాడు. కుక్క అరుపు, పసిపిల్ల ఏడుపు కావాలంటాడు ఇంకొకడు. ఒకాయన కారుకు అంబులెన్స్ సైరన్ అడిగితే కుదరదన్నాను. ఇంకో షాపులో గంటలో పెట్టించుకుని, మా ముందు నుంచే మోగించుకుంటూ పోయాడు. ఇలాంటివి నాలుగు వింటే, నిజం అంబులెన్స్ వచ్చినా జనం వెనక్కి తిరిగి చూసిగానీ దారివ్వరు.

కేంద్రమంత్రి గడ్కరీ గారు హారన్లలో వేణువు, తబలా, వయొలిన్ ధ్వనులు ఉండాలని 2021లో అన్నారు, 2025లో మళ్లీ అన్నారు. వినడానికి బాగుంది. సాయంత్రం ఆరింటికి బెంజ్ సర్కిల్‌లో ఇరవై తబలాలు ఒక్కసారి మోగితే? హారన్ విన్నవాడు ముందు పక్కకు జరగాలి, అది ఏ వాద్యమో తర్వాత.

లారీల ఎయిర్ హారన్ కథ ఇంకా తమాషా. ఎఫ్‌సీకి (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పరీక్షకు) వెళ్లే రోజు పొద్దున్నే విప్పేస్తాం. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు కంపెనీ హారన్ బుద్ధిగా మోగుతుంది. సాయంత్రానికి మళ్లీ ఎక్కిస్తాం. విప్పినందుకో కూలి, బిగించినందుకో కూలి. ఈ చేతులతో నేనూ చేశాను. రెండేళ్లుగా మానేశాను. మంచితనం వచ్చి కాదు. రోజంతా హారన్లు మోగించి చూసీ చూసీ కుడి చెవి పోయింది, ఫోను ఎడమ చెవికే పెట్టుకుంటున్నాను.

2019 సవరణతో అనవసరంగా హారన్ కొడితే రూ.1,000, మళ్లీ దొరికితే రూ.2,000 జరిమానా అయింది. రూలుకు విరుద్ధంగా బండిని మార్పించుకున్న యజమానికి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు. అన్నీ బండివాడికే. హారన్లు వేలాడదీసి అమ్మే షాపు ముందు అధికారుల జీపు ఆగడం ఇన్నేళ్లలో నేను చూడలేదు.

రవాణా శాఖ వాళ్లు నెలకోసారి మా వీధుల్లో నడవాలి. అమ్మేవాడికీ, నాలాంటి బిగించేవాడికీ జరిమానా రాయాలి. అప్పుడు 'నేను బిగించను' అని గిరాకీకి చెప్పే ధైర్యం మాకు వస్తుంది. ఇప్పుడు కాదంటే పక్క షాపుకు పోతున్నారు.

- ఒక ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ