సముద్రంలో మేత ఉన్నచోటు

ప్రియమైన రఘూ,

సముద్రమంతా ఒకటే నీరు కదా, చేపలు కొన్నిచోట్లే ఎందుకు గుమిగూడతాయని అడిగావు. రెండు ముక్కల్లో తేలే ప్రశ్న కాదది. తీరిగ్గా కూర్చుని చదువు.

ముందు మా విశాఖ సంగతి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇక్కడ నైరుతి గాలి తీరం వెంబడి వీస్తుంది. భూభ్రమణం వల్ల పైనీరు ఆ గాలికి కుడివైపుగా, అంటే తీరానికి దూరంగా జరిగిపోతుంది. ఆ చోటులోకి అడుగునున్న చల్లటి నీరు నైట్రేట్లు, ఫాస్ఫేట్లు అనే పోషకాలను మోసుకుని పైకి వస్తుంది. వాటికి ఎండ తోడైతే వృక్ష ప్లవకాలు, అంటే నీటిలో తేలుతూ బతికే సూక్ష్మమైన మొక్కల్లాంటి జీవులు, విపరీతంగా పెరుగుతాయి. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇదే తీరంలో అడుగునీరు ఇలా పైకి ఉబికే ఈ ఊటను పరిశీలించాడు. వానలు ముదిరాక కథ మారుతుంది. గంగ, మహానది, గోదావరి తెచ్చిన మంచినీరు తేలిక కాబట్టి పులుసు మీద నూనెలా ఉప్పునీటిపై పరుచుకుంటుంది. కింది పోషకాలు పైకి రాలేవు. బంగాళాఖాతం అరేబియా సముద్రమంత సారవంతం కాకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

నన్ను నిద్రపోనివ్వనిది దీని తర్వాతి సంగతి. సారం తక్కువైన నడిసముద్రంలో ప్లవకాలు మరీ చిన్నవి. వాటిని తినేవీ చిన్నవే. అలా ఒకదాన్ని ఒకటి తింటూ, చేతులు మారి మారి ట్యూనా లాంటి పెద్ద చేప దాకా మేత చేరడానికి దాదాపు అయిదు మెట్లు పడతాయని 1969లో సముద్ర శాస్త్రవేత్త జాన్ రైథర్ లెక్కగట్టాడు. ఊట ఉన్నచోట ప్లవకాలు పెద్దవి, గొలుసులు గొలుసులుగా ఉంటాయి. చేప నేరుగా తినేయగలదు, ఒకటి రెండు మెట్లు చాలు. ఒక్కో మెట్టులో తిన్నదానిలో పదో వంతే పై మెట్టుకు వెళ్తుందనుకో. వెయ్యి కిలోల ప్లవకాల నుంచి రెండు మెట్లలో పది కిలోల చేప వస్తుంది, అయిదు మెట్లలో పది గ్రాములే! మా కవళ్ళు (సార్డిన్ చేపలు) ఇన్నేసి ఎలా దొరుకుతున్నాయో ఇప్పుడు అర్థమైందా?

ఆ తేడా శరీరాలనే మార్చేసింది. మేత అంతటా పలచగా ఉంటే మహాకాయానికి అది చాలదు. ఒకచోట దట్టంగా, తర్వాత ఎంతో దూరం శూన్యంగా ఉంటే, ఒక్కసారే బోలెడు మింగి, కొవ్వు దాచుకుని, తిండి లేకుండా దూరాలు ఈదగల జీవిదే పైచేయి. జల్లెడలాంటి నోటితో మేసే తిమింగలాలు ఇంత పెద్దవయింది ఇటీవలేనని, సుమారు గత 45 లక్షల ఏళ్ళలోనేనని 2017లో ఒక పరిశోధక బృందం చూపింది. తీరపు ఊటలు బలపడి, మేత కుప్పలుగా చేరిన కాలం అదే. ఎంత మేత అన్నదానికంటే ఎక్కడెక్కడ అన్నదే పెద్ద ప్రశ్న అని నేను గట్టిగా నమ్మేది అందుకే.

అలాగని మేత ఒక్కటే అన్నీ తేల్చదు. ఉత్తర అమెరికా సరస్సుల్లో ఆహారపు గొలుసు పొడవు, అంటే ఆ మెట్ల సంఖ్య, సారాన్నిబట్టి కాక సరస్సు పరిమాణాన్నిబట్టి పెరిగిందని 2000లో తేలింది. మీ ఊళ్ళో పెద్ద చెరువూ, దాని పక్కనే కుంటా ఉన్నాయిగా? రెండింటిలోనూ పట్టిన కొరమీనుల కడుపుల్లో ఏముందో, చేపలు కోసేవాళ్ళను అడిగి రాయి. కుంటలో పురుగులు, చెరువులో చేపపిల్లలు ఎక్కువ కనిపిస్తాయని నా అంచనా.

అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

నీ
శ్రీను