ఏప్ కేవ్‌కి ఫోన్ లైటు చాలదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఏప్ కేవ్ గుహ మీద వ్యాసం చదివినప్పుడే రాయాల్సింది. మొన్న అక్కడికి వెళ్లి చూశాక ఇక ఊరుకోలేకపోయాను. మీ పేపర్లో చదివే వచ్చామన్న మనవాళ్లు బోలెడుమంది కనిపించారు.

సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం 1980లో పేలినప్పుడు ఆ గుహ పుట్టిందని రాశారు. 1950ల మొదట్లోనే స్కౌట్లు లోపలంతా తిరిగి దానికి తమ బృందం పేరు పెట్టుకున్నారు కదా! సెయింట్ హెలెన్స్ నుంచి సుమారు 2,000 ఏళ్ల కిందట పారిన లావా పైన గడ్డకట్టి, లోపలిది జారిపోగా మిగిలిన సొరంగం అది. పొడవు దాదాపు 4 కిలోమీటర్లు.

‘ఫోన్ లైటు చాలు, పిల్లలతో హాయిగా వెళ్లొచ్చు’ అన్నారు. లోపల ఒక్క దీపం ఉండదు. ఎండాకాలంలోనూ చలి 6 డిగ్రీల దగ్గరే. పొట్టి చేతుల చొక్కాలు, హవాయి చెప్పులతో వచ్చిన పిల్లలు వణికిపోతున్నారు. దిగువ భాగం నడవొచ్చుగానీ, పై భాగంలో రాళ్ల గుట్టలు దాటాలి, 8 అడుగుల లావా గోడ ఎక్కాలి. సీజన్లో ముందుగా బుక్ చేసుకోవాలన్న ముక్కే లేదు. బుకింగ్ లేక వెనక్కి పంపితే కొందరు రేంజర్ మీద అరిచారు. పరువు పోయింది.

అన్నిటికన్నా బాధ పెట్టింది గోడలు. టార్చి వేస్తే తడిగా మెరిసే పూత కనిపిస్తుంది. అది సూక్ష్మజీవుల పొర, గుహలో బతికే పురుగులకు అదే తిండి. ఒకాయన వేలితో దాని మీద కొడుకు పేరు రాస్తున్నాడు, తల్లి ఫొటో తీస్తోంది. పక్కన చిప్స్ పొట్లాలు, స్పీకర్లో పాటలు. గబ్బిలాలను చంపే వైట్ నోస్ జబ్బు 2016లోనే వాషింగ్టన్‌లో బయటపడింది. వేరే గుహల్లో తిరిగిన బూట్లు, బట్టలతో రావద్దని అందుకే చెబుతారు. మీ వ్యాసంలో ఆ ఊసే లేదు.

అధికారులకూ పట్టింపు తక్కువే. 2023లో కొండచరియ విరిగి వంతెన పోయాక ఆ అగ్నిపర్వతాన్ని చూసే జాన్‌స్టన్ రిడ్జ్ సందర్శక కేంద్రం ఏళ్ల తరబడి మూతపడింది. ఉన్న జనమంతా ఈ గుహ మీదే పడుతుంటే లోపల కాపలాకి ఒక్కరూ కనపడలేదు. మన దగ్గరా అంతే, బొర్రా గుహల్లో రంగు దీపాలు పెట్టి అదే అభివృద్ధి అంటారు.

వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయండి: మనిషికి రెండు మూడు టార్చీలు, బూట్లు, స్వెట్టరు, ముందస్తు బుకింగ్, తిండి వద్దు, గోడ ముట్టొద్దు.

- ఒక పాఠకురాలు, సియాటెల్